ముంగి పేరు మీద వచ్చిన డ్రిల్లు

పార్సెల్ వచ్చిన రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. ముందుగదిలో వాలుకుర్చీలో పెదనాన్న. ఆయనకెదురుగా గోడకి చేరగిలబడి ఫోన్ చూసుకుంటున్న అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు. వంటింటి గుమ్మంలో కూరలు తరుగుతూ పెద్దమ్మ. ఆవిడ వెనక పొయ్యి దగ్గర అమ్మ. చిన్నగదిలో మంచం మీద నాయనమ్మ. అదే గదిలో తలుపుకి వీపు ఆనించి, ఒక కాలు మంచంకోడుకి అదిమిపెట్టి, స్కూలు చొక్కా మార్చుకుంటున్న ముంగి. నాన్న లేడు. లారీ ఎక్కిన మనిషి ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు.

ముంగి అన్నది అన్నయ్య పెట్టిన పేరు. ఎంత తిట్టినా నోరు విప్పదని పెట్టాడు. తర్వాత ఇంటిల్లిపాదికీ అదే అలవాటైంది.

కాలు అదిమిపెట్టడం ఎందుకంటే ఆ తలుపుకి గడియ లేదు. ఒకప్పుడు ఉండేది. నాయనమ్మ లోపల గడియ పెట్టుకుని కళ్ళు తిరిగి పడిపోతే తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. అప్పటినుంచి ఆ గడియ మేకుల డబ్బాలో పడి ఉంది. ఇంట్లో అందరి బట్టలూ ఆ గది బీరువాలోనే ఉంటాయి కాబట్టి ఎవరికి ఎప్పుడు ఏ చొక్కా కావాలన్నా తలుపు తోసుకుని వచ్చేస్తారు.

ఆ రోజూ అంతే. "ఏయ్ ముంగీ! నీకేదో వచ్చిందంట, రా బయటికి" అంటూ అన్నయ్య తలుపు తోశాడు. కాలు జారింది. తలుపు అంచు ఆమె భుజానికి కొట్టుకుంది. విప్పిన చొక్కాని గుండెలకి హత్తుకుని ముంగి బీరువా పక్కకి నక్కింది.

"నేను ఉన్నాను" అంది. ఆ మాట ఆమెకే వినబడలేదు.

"తలుపు వెనక దాక్కోవడం ఏంటే, దొంగలా?" అనేసి తలుపు బార్లా తెరిచి వదిలేసి వెళ్ళాడు.

గుమ్మంలో పార్సెల్ మనిషి చిన్న పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెట్టె మీదున్న పేరు చదివి, "ఈ పేరు గలవాళ్ళే సంతకం పెట్టాలండీ" అన్నాడు. బయటివాళ్ళ నోట తన అసలు పేరు విని ముంగి తడబడింది. నీళ్ళ గొట్టాలు కొన్నప్పుడు కొట్లో ఇచ్చిన లాటరీ చీటీ మీద పెదనాన్నే ఆ పేరు రాయించాడు. "నా పేరు రాస్తే నాకు తగిలేవి దెబ్బలే, పిల్ల పేరు రాయండి" అని. ఆ సంగతి అందరూ మర్చిపోయారు.

పెట్టెలో డ్రిల్లు మిషను ఉంది. వైరు లేనిది. అరచేతిలో పట్టేంత పిడి, దాని కింద బ్యాటరీ, పక్కన అరలో సన్నం నుంచి లావుకి వరసగా బిట్లు. ముంగి పిడి మీద వేలు పెట్టబోయింది.

"ఉండు, పిల్లలాట కాదు" అంటూ పెదనాన్న పెట్టెను తనవైపు తిప్పుకున్నాడు.

"దాని పేరు మీద వచ్చిందిగా పాపం" అంది పెద్దమ్మ నవ్వుతూ.

"పేరు దానిది, వస్తువు ఇంటిది" అన్నాడు పెదనాన్న. తీర్పు అయిపోయింది.

ఆ వారమంతా ఇంట్లో గోడలకి నిద్ర లేదు. వంటింట్లో గరిటెలకి కొక్కేలు, వసారాలో బట్టలతాడుకి రింగులు, గడియారం ఇక్కడినుంచి అక్కడికి, అక్కడినుంచి మళ్ళీ ఇక్కడికి. పక్కింటాయన అడిగితే "మా డ్రిల్లు తీసుకెళ్ళండి, దానిదేముంది" అని పెదనాన్న స్వయంగా మోసుకెళ్ళి ఇచ్చాడు. మగవాళ్ళిద్దరూ వంతులవారీగా కన్నాలు పెట్టారు. ముంగికి రెండు పనులు అప్పజెప్పారు. ఒకటి, బ్యాటరీ చార్జింగు పెట్టడం. రెండు, కన్నం పెడుతున్నంతసేపూ పాత పేపరు దోనెలా మడిచి, గోడకి ఆనించి పట్టుకోవడం. పొడి నేల మీద పడితే పెద్దమ్మ ఊరుకోదు.

బిట్టు తిరుగుతుంటే ఎర్రటి పొడి సన్నగా, ఆగకుండా దోనెలోకి రాలేది. సగం దోనెలోకి, సగం కళ్ళలోకి.

"కళ్ళు మూసుకుని పట్టుకుంటావేంటే? పొడి ఎక్కడ పడుతుందో కళ్ళు మూసుకుంటే కనబడుతుందా?" అన్నాడు పెదనాన్న.

ముంగి కళ్ళు తెరిచి పట్టుకుంది. అందరికంటే దగ్గరగా చూసింది కూడా ఆమే. బిట్టు ఒంటికి చుట్టుకున్న గాడి ఎటు తిరుగుతుందో, పొడి ఆ గాడిలోంచి ఎలా పైకి పాక్కుంటూ వస్తుందో, గట్టి ఇటుక తగిలినప్పుడు చప్పుడు ఎలా మారుతుందో ఆమెకు తెలిసిపోయింది.

గడియ సంగతి ముందు అమ్మని అడిగింది. అమ్మ అంట్లు తోముతోంది. తల ఎత్తలేదు.

"ఇన్నేళ్ళూ నేను ఏ గడియ వెనక చీర కట్టుకున్నానే? చచ్చానా?"

అమ్మకి గదే లేదు. వంటింట్లో చాప పరుచుకుంటుంది. చీర మార్చుకోవాలంటే లైటు ఆర్పేసి, ఫ్రిజ్ పక్క సందులో నిలబడి మార్చుకుంటుంది. అది ముంగికి తెలుసు. ఎవరైనా వచ్చి లైటు వేస్తే "నేనున్నాను, నేనున్నాను" అనే అమ్మ గొంతు కూడా తెలుసు. అయినా ఆ జవాబుకి ఒళ్ళు మండింది. నువ్వు చావకపోతే నేనూ అలాగే బతకాలా, అనుకుంది.

రెండురోజులు మాట కూడగట్టుకుని పెదనాన్న దగ్గరికి వెళ్ళింది. ఆయన గడియారం కొత్తచోట చూసుకుని మురుస్తున్నాడు.

"పెదనాన్నా, చిన్నగది తలుపుకి... ఆ పాత గడియ..."

"ఆఁ?"

"కన్నాలు పెడితే సరిపోతుంది. మిషను ఉందిగా."

వంటింట్లోంచి పెద్దమ్మ గొంతు ముందొచ్చింది. "గడియ పెట్టుకుని లోపల ఏం చేస్తుందట మహారాణి? మనమేమైనా పరాయివాళ్ళమా?"

"మీ నాయనమ్మ ఎముకలు ఒకసారి ఏరుకున్నది చాలదా?" అన్నాడు పెదనాన్న. "ఈసారి పడితే ఎవరు తీస్తారు, నువ్వా?"

అన్నయ్య ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "ముంగికి నోరొచ్చింది నాన్నా. చార్జింగు ఎక్కువైనట్టుంది" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నాయనమ్మకి సరిగ్గా వినబడకపోయినా అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది.

ఆ సాయంత్రం వంటింట్లో ప్లగ్గు పక్కన కూర్చుని ముంగి డ్రిల్లు ఒళ్ళో పెట్టుకుంది. బ్యాటరీ తగిలించి మీట మెల్లగా నొక్కింది. బిట్టు తిరిగింది. మీటకి పైన ఒక బుడిపె ఉంది. ఇటునుంచి నొక్కితే అటు పొడుచుకొస్తుంది, అటునుంచి నొక్కితే ఇటు. ఇటు నొక్కి చూసింది. బిట్టు ఎదురు తిరిగింది. పీటకి ఊగుతున్న కాలు ఒకటి ఉంటే, బిట్టు మార్చి, దాని స్క్రూ విప్పింది. బుడిపె మార్చి మళ్ళీ బిగించింది. మళ్ళీ విప్పింది, మళ్ళీ బిగించింది. పీట ఊగడం మానేసింది.

అమ్మ పిండి కలుపుతూ అదంతా చూస్తోంది. 

ముంగి ఇంకోసారి విప్పి చూద్దామని బుడిపె ఎదురు నొక్కిందో లేదో పెద్దమ్మ "నీళ్ళు పట్టావా లేదా?" అని కేకేసింది. మిషను అలాగే పెట్టెలో పడేసి లేచింది.

మర్నాడు అన్నయ్య స్పీకర్లకి గోడకి పలక బిగించే పని. పెదనాన్న స్టూలెక్కాడు. ముంగి పేపరు దోనె పట్టుకుంది. మిషను గుర్రుమంది. పైన సున్నం కాస్త రాలింది. అంతే. బిట్టు గోడ మీద తిరుగుతోంది, తిరుగుతోంది, లోపలికి మాత్రం దిగడం లేదు. దోనె ఖాళీగా ఉంది. కాలిన వాసన వచ్చింది.

"ఇక్కడ గోడ రాయిలా ఉందిరా."

"నీకు బలం చాలట్లేదు నాన్నా, ఇటివ్వు."

అన్నయ్య ఎక్కి ఒళ్ళంతా మోపి నొక్కాడు. మెడ నరాలు ఉబ్బాయి. బిట్టు కొస నీలంగా మారింది. పెద్దమ్మ గరిటెతో వచ్చి నడుమ్మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏంటండీ అది, గోడకి గంధం తీస్తున్నారా?"

ముంగి చూపు బిట్టు గాడి మీద ఉంది. రోజూ పొడిని బయటికి లాగే గాడి ఇవాళ లోపలికి తోస్తోంది. నిన్న తను నొక్కిన బుడిపె నొక్కినట్టే ఉంది. చెప్దామని నోరు తెరిచింది.

"నువ్వు కాగితం కదిపావు!" పెదనాన్న ఆమె వైపు తిరిగాడు. "నీ చెయ్యి తగిలే బిట్టు పక్కకి పోతోంది. చార్జింగైనా సరిగ్గా పెట్టావా? దేనికీ పనికిరాని మొహం. పో, మళ్ళీ పెట్టి తీసుకురా!"

తెరిచిన నోరు మూసుకుంది.

వంటింట్లో చార్జరు దీపం పచ్చగా మారేదాకా ముంగి కదలకుండా కూర్చుంది. బొటనవేలు బుడిపె మీదే ఉంది. చిన్న నొక్కు నొక్కితే చాలు. పలక ఎక్కుతుంది, స్పీకర్లు మోగుతాయి, మిషను మళ్ళీ పెదనాన్నదైపోతుంది, ఆమె మళ్ళీ దోనె పట్టుకుని నిలబడుతుంది. ముంగి వేలు తీసేసింది. తల ఎత్తేసరికి అమ్మ ఆ వేలినే చూస్తోంది. చూపు తిప్పుకుని కూరలో ఉప్పు వేసింది. రుచి చూసి మళ్ళీ వేసింది.

రెండోసారి కూడా గోడ ఒప్పుకోలేదు. పెదనాన్న చెమటలు కక్కాడు. బిట్టు జారి కొత్త సున్నం మీద జానెడు గీత గీసింది. పెద్దమ్మ ఈసారి పకపకా నవ్వింది.

"గంధం బాగానే వచ్చిందిగా, ఇంక నుదుట పెట్టుకోండి."

పెదనాన్న స్టూలు దిగి మిషనుని ముంగి కాళ్ళ దగ్గరికి విసిరాడు. "ఊరికే వచ్చిన సరుకు ఊరికే ఉంటుందా! నీ పేరు మీదే వచ్చిందిగా, నీ చేతిలాగే ఉంది. నువ్వే ఉంచుకో. తలకింద పెట్టుకుని పడుకో, పో."

ముంగి వంగి తీసుకుంది. పిడి అంచున చిన్న చెక్కు లేచింది. నోట్లోంచి నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది. ఆ రాత్రి నిజంగానే తలకింద పెట్టుకుని పడుకుంది.

ఆదివారం పెద్దమ్మ చెల్లెలు ఇల్లు మారుతోందని అందరూ సాయం వెళ్ళారు. మొయ్యడానికి మనిషి కావాలని అమ్మనీ తీసుకెళ్ళారు. గేటు చప్పుడు ఆగగానే ముంగి మేకుల డబ్బా నేల మీద బోర్లించింది. గడియ తుప్పుపట్టి ఉంది. నాయనమ్మ తలనూనె సీసా తీసి నాలుగు చుక్కలు వేసి, ముందుకీ వెనక్కీ ఆడించింది. మొదట కీచుమంది, తర్వాత జారడం మొదలుపెట్టింది.

"నా నూనె ఏం చేస్తున్నావే?" అంది నాయనమ్మ మంచం మీంచి.

"గడియకి తలంటుతున్నా నాయనమ్మా."

పాత కన్నాలు తలుపు పగిలినప్పుడే వెడల్పయిపోయాయి. నాలుగు వేళ్ళు పైకి జరిపి, గడియ ఆనించి, పెన్సిలుతో చుక్కలు పెట్టింది. అన్నిటికంటే సన్నని బిట్టు బిగించింది. బుడిపె సరైన వైపు నొక్కింది. రెండు చేతులతో పట్టుకుని మీట నొక్కేసరికి మిషను చేతిలో పిట్టలా కొట్టుకుంది. మొదటి కన్నం వంకరపోయింది. రెండోదానికి మోచెయ్యి పక్కటెముకలకి ఆనించుకుంది. చెక్క ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకుంటూ బయటికి వచ్చి ఆమె పాదాల మీద రాలింది. పట్టుకోవడానికి దోనె లేదు, ఎవరూ పట్టుకోనక్కర్లేదు.

"పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నట్టుందే. అది పాడైపోయిందన్నారుగా?"

"నా దగ్గర పాడవలేదు."

నాయనమ్మ కాసేపు ఆలోచించి కిసుక్కున నవ్వింది. "నేను మళ్ళీ పడితేనో?"

"నేను లోపలే ఉంటాగా. తీస్తా."

"నువ్వు లేనప్పుడు పడితే మళ్ళీ పగలగొట్టుకుంటార్లే. ఆ తలుపుకి అలవాటే."

స్క్రూలకి సబ్బు రాసి బిగించింది. ద్వారబంధానికి గడియ దూరే కొంకి పెట్టేటప్పుడు లెక్క తప్పింది. గడియ ఒకచోట, కొంకి ఒకచోట. విప్పి, కిందికి దించి, మళ్ళీ పెట్టింది. పనికిరాని కన్నం ఒకటి బొట్టులా మిగిలిపోయింది. సబ్బుతో పూడ్చింది.

తలుపు మూసి గడియ వేసింది. ఠక్కున పడింది. ముంగి మంచానికీ బీరువాకీ మధ్య తన చోట నిలబడింది. అలవాటుగా కాలు మంచంకోడుకి అదిమింది. తర్వాత తీసేసింది. తీసేశాక ఆ కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గది మధ్యకి వచ్చింది. చేతులు రెండూ బారజాపి చూసింది. ఎవరూ రాలేదు.

దీపాలు పెట్టే వేళకి వాళ్ళు తిరిగొచ్చారు. ముంగి డ్రిల్లు మంచం కిందికి తోసింది. రోజూ తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి గడియ కొన్నాళ్ళైనా ఎవరి కంటా పడదని ఆమె ఆశ. కానీ నాయనమ్మ ఇంకెవరూ చెప్పకముందే చెప్పాలన్నట్టు కర్ర పట్టుకుని ముందుగదిలోకి వచ్చి కూర్చుంది.

"ఒరేయ్ పెద్దోడా! పిల్ల ఎంత పని చేసిందో చూడరా. పాడైన మిషనుతోనే గడియ బిగించేసింది! మీ ఇద్దరికీ లొంగనిది దీనికి లొంగింది!"

ఆవిడ మెచ్చుకుంటోంది. 

పెదనాన్న చిన్నగదిలోకి వెళ్ళాడు. గడియ ముందుకీ వెనక్కీ జరిగిన చప్పుడు వినబడింది. అన్నయ్య మంచం కిందనుంచి మిషను లాక్కొచ్చి, లావు బిట్టు తొడిగి, గోడ మీద ఆ పాత గీత చివర ఆనించి మీట నొక్కాడు. బిట్టు వెన్నలో దిగినట్టు దిగింది. ఎర్రపొడి ధారగా నేల మీద పడింది. అన్నయ్య మిషనుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బుడిపె దొరికింది. ఇటు నొక్కాడు, అటు నొక్కాడు.

"నాన్నా, దీన్ని ఎదురు తిప్పి పెట్టింది ఇది. తెలిసే పెట్టింది."

పెదనాన్న చిన్నగదిలోంచి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నా చేత..." అన్నాడు. "నా ఇంట్లో, నా చేత గోడకి గంధం తీయించిందన్నమాట!"

"ముంగి కాదండీ ఇది, ముదురు" అంది పెద్దమ్మ. "మూగదానిలా ఉంటూ మన తిండి తిని మననే కోతుల్లా ఆడించింది. ఆ పెంపకం చూడండి!" ఆ చివరి మాట గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మకి. అమ్మ చేతుల్లో సంచులు ఇంకా దించలేదు. వేళ్ళ మీద తాళ్ళు ఒత్తుకుని తెల్లటి గాట్లు పడ్డాయి.

"మిషను నాది" అంది ముంగి.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆ మాట అందరికీ వినబడింది.

"మీరే ఇచ్చారు. ఉంచుకోమన్నారు."

"నోర్ముయ్!" పెదనాన్న కుర్చీ చేతిమీద గుద్దాడు. ఆయన అమ్మతో ఎప్పుడూ నేరుగా మాట్లాడడు. ఆమె ఎదురుగా ఉన్నా ముంగితోనే చెబుతాడు. ఇప్పుడూ ముంగినే చూస్తూ అన్నాడు: "మీ అమ్మకి చెప్పు. ఆ గడియ ఇప్పుడే, ఈ క్షణం ఊడాలి. ఊడేదాకా ఈ ఇంట్లో కంచం పెట్టొద్దని చెప్పు. ఊడదీసి, మిషను తెచ్చి నా ముందు పెట్టి, ఆ తర్వాత మాట్లాడమను."

అమ్మ సంచులు దించింది. ఒక్కొక్కటే గోడకి ఆనించి, పడిపోకుండా సర్దింది. అన్నయ్య ఎదురుగా వెళ్ళి నిలబడి చెయ్యి చాపింది. ఎప్పుడూ లేనిది పిన్ని కొట్టినట్టు చూసిన ఆ చూపుకి వాడు మిషను ఇచ్చేశాడు.

"నడు" అంది ముంగితో.

చిన్నగది గుమ్మంలో ఇద్దరూ నిలబడ్డారు. వెనక ముందుగదిలో నలుగురూ ఇటే చూస్తున్నారు. చీకటి పడుతోంది. అమ్మ గడియ మీద బొటనవేలు పెట్టి జరిపింది. మెత్తగా జారింది. పూడ్చిన కన్నాన్ని గోటితో తడిమింది. సబ్బు వాసన చూసింది.

"అమ్మా, విప్పకే" అంది ముంగి.  "నేను సారీ చెప్తాను. కాళ్ళు పట్టుకుంటాను. విప్పకు."

అమ్మ విననట్టే మిషను తిప్పి చూసింది.

"ఇది ఎటు నొక్కితే ఊడుతుంది? ఎటు నొక్కితే బిగుస్తుంది?"

ఇంట్లో ఇన్నాళ్ళలో ఆ సంగతి ఆమెను అడిగినవాళ్ళు లేరు. ముంగి కళ్ళు తుడుచుకుంది. అమ్మ వేలు పట్టుకుని బుడిపె మీద పెట్టింది. "ఇటు నొక్కితే బిగుస్తుంది. ఇటు ఊడుతుంది."

"మధ్యలో ఉంటే?"

"మధ్యలో ఉంటే ఎటూ తిరగదు. మీట పడదు."

అమ్మ తల ఊపింది. బుడిపెను మెల్లగా మధ్యలోకి తెచ్చింది.

"ఇంకా ఎంతసేపు?" ముందుగదిలోంచి పెద్దమ్మ అరిచింది.

అమ్మ గదిలోకి అడుగు పెట్టి లైటు వేసింది. గది మధ్యకి వెళ్ళి, ఆ పసుపు వెలుగులో ఒక్క క్షణం చుట్టూ చూసింది. ముంగి వెనకే లోపలికి రాబోయింది. అమ్మ వెనక్కి వచ్చి, ఆమె భుజం మీద, మొన్న తలుపు అంచు తగిలి కమిలిన చోటే చెయ్యి వేసి, గుమ్మం బయటికి నెట్టింది. మెల్లగా కాదు.

ముందుగదిలో అందరూ మిషను గుర్రుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించారు. ముంగి మొహం మీదే తలుపు మూసుకుంది. లోపల నూనె పెట్టిన గడియ ఠక్కున పడింది.